బజారు మలుపు దగ్గర జల్దీ

కుళాయిలో నీళ్లు రాకముందే లేచి, అప్పలకొండ రెండు చూపుడు వేళ్లతో లాప్‌టాప్ మీద ‘ఆస్తే’ అని కొట్టాడు. కింది వరసలోకి దిగి మళ్లీ ‘ఆస్తే’ అని కొట్టాడు. దాని కిందా అదే. కుట్టుమిషను బల్ల మీద పెట్టిన లాప్‌టాప్ అతని వేళ్ల బరువుకి ప్రతి అక్షరానికీ కొంచెం ఊగుతోంది. పక్కన గిన్నెలో ఆవనూనె, ఉల్లిపాయ ముక్కలు కలిపిన మరమరాల ముఢీ మెత్తబడిపోతోంది.

పొట్టి మనిషి. ఛాతీ మాత్రం వెడల్పు. వేళ్ల గీతల్లో ఎన్ని సబ్బులు మార్చినా పోని గ్రీజు. పై పెదవి మీద మీసం మధ్యలో గుండ్రంగా ఒక నొక్కు ఉంటుంది. ఏళ్ల తరబడి ఇత్తడి బూర నోటికి ఆనించడం వల్ల పడిన గుర్తు అది.

“ఏటయ్యా, ఈయాల కూడా ఆ రాతేనా?” అంది చిలకమ్మ, జల్లెడలో సెనగపిండి పట్టుకొచ్చి గుమ్మంలో కూర్చుంటూ. సాయంత్రం బ్యాండు వాళ్లందరికీ లడ్డూలు కావాలి. “ఈయాల నిన్ను ఊరేగిస్తారు. నువ్వు ఊరేగించక్కర్నేదు.”

“ఊరేగింపు బజార్లో సెదిరిపోతే నవ్వులపాలయ్యేది నానే గదే.”

“సెదిరితే సెదిరింది. ఇల్లు ఎక్కడుందో నీకు తెల్దా? నడిసి వొచ్చీ.”

అప్పలకొండ నవ్వాడు గానీ వేళ్లు ఆపలేదు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నెలాఖరున ఎవరు రిటైరైనా పనివాళ్ల బ్యాండు గేటు దగ్గర నిలబడుతుంది. మెడలో దండలతో బయటికొచ్చిన మనిషిని ముందు నడిపించి, వెనక వాయించుకుంటూ ఇంటిదాకా దిగబెడుతుంది. ఆ బ్యాండులో అప్పలకొండది యూఫోనియం. నీళ్లబిందెని చంకనెత్తుకున్నట్టు ఎత్తుకుని ఊదాలి దాన్ని. పనివాళ్లుండే నిమ్‌పురాలో ఏ ఇంట్లో రిటైర్‌మెంటు ఫొటో చూసినా దండలు వేసుకున్న పెద్దమనిషి భుజం వెనక ఆ ఇత్తడి గరాటు, దాని పక్కనుంచి ఒక మోచేయి కనిపిస్తాయి. ఆ మోచేయి అప్పలకొండది. ముఖం ఎప్పుడూ గరాటు వెనకే ఉండిపోయేది.

ఊరేగింపు పాట కట్టింది కూడా అతనే. గేటు దగ్గర బరువుగా, అడుగు తీసి అడుగు వేసేలా మొదలవుతుంది. పెద్ద రోడ్డు మీద మామూలు నడక. బజారు మలుపు తిరగ్గానే పరుగు. గుడి ముందు మళ్లీ నెమ్మది. క్వార్టర్ల సందులోకి వచ్చాక ఇక గంతులే. ఆ వేగాలు ఎక్కడ ఎలా మారాలో అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ మాటలు పెట్టాడు: నెమ్మదికి ఆస్తే, పరుగుకి జల్దీ. బ్యాండులో తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, ఒక ఆంగ్లో ఇండియన్ ఉన్నారు మరి.

మొదట్లో అంతా చేత్తో రాసేవాడు. అందరి వాయిద్యాలూ ఒకదాని కింద ఒకటిగా ఉండే పెద్ద కాగితాన్ని ఫుల్ స్కోర్ అనేవాళ్లు. అందులోంచి ఎవరి వరస వాళ్లకు విడదీసి ఇచ్చేవి పార్టులు. వేగం మాటలు ఫుల్ స్కోర్‌లో ఒక్కచోటే రాసేవాడు. పార్టుల్లో స్వరాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఎందుకుండాలి? అప్పలకొండ కుడి బూటు నేలకి తాటిస్తే చాలు, అందరూ దాన్ని చూసుకుని వాయించేవారు. తాల్‌బగీచాలో ఉండే కూతురు ప్రశాంతి తన పాత లాప్‌టాప్ ఇచ్చి, సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ ఎక్కించి పెట్టాక పాటనంతా ఓపిగ్గా అందులోకి దింపాడు. అప్పుడూ ఆ బూటు ఉంది కాబట్టి ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

నిన్న సాయంత్రం క్లబ్బు గదిలో రిహార్సల్ చేస్తుంటే తెలిసింది.

రిటైరయ్యే మనిషి తన ఊరేగింపులో తానే ఊదకూడదు. అందుకని యూఫోనియం తీతు చేతికిచ్చాడు. ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే బెంగాలీ అమ్మాయి. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లి. రెండేళ్లుగా అతని దగ్గరే నేర్చుకుంది. అప్పలకొండ జీవితంలో మొదటిసారి బ్యాండుకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పాటలో బజారు మలుపు రాగానే కార్నెట్ ఊదే సిరిల్ ఒక్కడూ దూసుకుపోయాడు. మిగిలినవాళ్లు నడక వేగంలోనే ఉన్నారు. పెద్ద డ్రమ్ము వాయించే గిరిబాబు అటు పోవాలో ఇటు పోవాలో తెలియక ఇద్దరి మధ్యా కొట్టాడు. చివరికి సిరిల్ పాట ముందు ముగిసింది, మిగిలినవాళ్లది తర్వాత ముగిసింది.

“అరే, సబ్ సో గయే క్యా?” అని, అందరూ నిద్రపోయారా అన్నట్టు అరిచాడు సిరిల్. “నా కాగితం మీద జల్దీ ఉంది!”

“మా కాగితంలో ఏటీ నేదు బాబూ!” అన్నాడు గిరిబాబు.

నిజమే. తెల్లవారుజామున లాప్‌టాప్ తెరిచి చూస్తే సిరిల్ పార్టులో అన్ని మాటలూ ఉన్నాయి. ఇంకెవరి పార్టులోనూ ఒక్కటి కూడా లేదు. ఫుల్ స్కోర్‌లో పైన ఉండేది కార్నెట్ వరస. మాటలన్నీ దాని నెత్తిమీద రాశాడు. అవి దానితోనే పోయాయి.

అందుకే ఇప్పుడు ఒక్కో వరసకీ కొట్టుకుంటూ వస్తున్నాడు. నాలుగో వరస దాకా వచ్చి ఒకసారి ఫుల్ స్కోర్ చూశాడు. ఎన్నికలప్పుడు ప్రతి గోడ మీదా ఒకే నినాదం రాసినట్టు పేజీ నిండా ఆస్తే, ఆస్తే, ఆస్తే. వాటి మధ్య స్వరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని సైకిలెక్కాడు.

*

ఝపటాపూర్‌లో కళ్యాణిది చిన్న ప్రింటింగ్ షాపు. పెళ్లికార్డులు, షాపుల బోర్డులు, మాతా పూజ రసీదు పుస్తకాలు వేస్తుంది. ఇల్లు షాపు వెనకే. బ్రష్షు నోట్లో పెట్టుకునే షట్టరు ఎత్తింది.

“ఏటి బాబాయ్ ఇంత పొద్దున్నే? ఈయాల నీ రిటైర్‌మెంటు గదా?”

“దాని గురించేనమ్మా. మాట ఒక్కటి, మనుషులు బోలెడుమంది. ఒకసారి రాస్తే అందరి కాగితంలోకీ పోవాల. ఫుల్ స్కోర్‌లో మటుకు ఒక్కసారే ఉండాల. అవుద్దా?”

కళ్యాణికి సంగీతం రాదు. తెరమీద గీతలూ చుక్కలూ చూసి, “ఇవి పిట్టలేటి, తీగెల మీద కూసున్నాయి?” అని నవ్వింది. కానీ పుస్తకం పేజీలన్నిటికీ పైన ఒకే పేరు వేయడం, దాన్ని ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారడం ఆమెకు రోజూ ఉండే పనే. మౌసు పట్టుకుని ఒక్కో మెనూ విప్పుకుంటూ పోయింది. అప్పలకొండ ఆమె భుజం మీదుగా వంగి చూస్తూ, తెలిసిన చోట తెలుగులోనూ తెలియని చోట హిందీలోనూ అర్థాలు చెబుతున్నాడు.

“ఆగు ఆగు. నువ్వు కొట్టినవన్నీ ఉత్త అక్షరాలు బాబాయ్. ఎవుల వరస మీద కొడితే ఆల సొత్తు. ఇదిగో, ఇక్కడ వేగం కోసం టెంపో అని వేరేగా ఉన్నాది సూడు. ఇది ఎవులిదీ కాదు. అందరిదీ.”

అప్పలకొండ పాత మాటలన్నీ చెరిపేశాడు. మొదటి గడి మీద నొక్కి, టెంపో తెరిచి, ఊపిరి బిగబట్టి ‘ఆస్తే’ అని కొట్టాడు. ఫుల్ స్కోర్ పైన ఒక్కసారే పడింది. గిరిబాబు డ్రమ్ము పార్టు తెరిచాడు. అక్కడ ఉంది. క్లారినెట్ తెరిచాడు. ఉంది. తీతు యూఫోనియం పార్టులోనూ ఉంది.

“ఒలమ్మో!” అన్నాడు.

బజారు మలుపు దగ్గర ‘జల్దీ’ పెట్టాడు. మళ్లీ పార్టులు తిరిగి చూసి వచ్చాడు. నమ్మకం కుదరక ఫుల్ స్కోర్‌లో జల్దీని ‘బహుత్ జల్దీ’ చేశాడు. అన్ని పార్టుల్లోనూ అదే మారింది. మళ్లీ వెనక్కి తెచ్చాడు. అక్కడా వెనక్కి వచ్చింది. ఆ పని అవసరం తీరిపోయాక కూడా ఇంకోసారి చేసి చూసుకున్నాడు. కళ్యాణి మొహం కడుక్కుని, టీ పెట్టి తెచ్చేదాకా చేస్తూనే ఉన్నాడు. తీతు పార్టులో ఒకచోట ఎత్తుస్వరాలకి మాట తగులుతుంటే దాన్ని కాస్త పైకి జరిపాడు. అది అక్కడ మాత్రమే జరిగింది. మిగిలినవాళ్ల కాగితాల్లో ఎక్కడిది అక్కడే ఉంది.

“ఎవులి సదుపాయం ఆలదే,” అన్నాడు మెచ్చుకోలుగా.

ప్రింటరు ఒక్కో పార్టునీ బయటికి తోస్తుంటే కళ్యాణి అంచులు సరిచేసి దొంతర పెట్టింది.

“మరి ఇన్నాళ్లూ ఇయ్యి నేకుండా ఎలగ వాయించీవోరు బాబాయ్?”

“నా కాలు సూసి.”

అప్పలకొండ టీ గ్లాసు పట్టుకుని ప్రింటరు దగ్గరికి వెళ్లాడు. కాగితాల వంక చూస్తూ నిలబడ్డాడు. అవి వెచ్చగా, తెల్లగా, అతనితో ఏ అవసరమూ లేనట్టు ఉన్నాయి. నిన్న వాళ్లు చెదిరిపోయినప్పుడు ముందు ఒళ్లు మండింది. ఆ మంట కింద ఎక్కడో, చూశారా నేను లేకపోతే ఏమైందో అని చిన్న తీపి కూడా కలిగింది. అది ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు పెట్టాడు.

కళ్యాణి డబ్బులు తీసుకోలేదు. “లడ్డూ పంపించు సాలు,” అంది.

*

చివరి రోజు ఎవరూ పని చేయరు. అప్పలకొండ చేశాడు. అతని బల్ల మీద వ్యాగన్ బ్రేకు సిలిండరు ఒకటి నిన్నటినుంచి విప్పి ఉంది. దాన్ని అలా వదిలేసి పోవడం చొక్కా గుండీలు పెట్టకుండా బయటికి వెళ్లినట్టనిపించింది. లోపలంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పాత రబ్బరు వాషరు పీకి కొత్తది కూర్చాడు. బొటనవేలితో అంచు చుట్టూ నొక్కుకుంటూ పోయి, ఎక్కడా మడత లేదని తెలిశాక మూత బిగించాడు. గాలి పట్టించి చూశాడు. పిస్టన్ సాఫీగా వచ్చింది, సాఫీగా పోయింది. ఈ బల్ల దగ్గరే అతని తండ్రి పనిచేశాడు. శ్రీకాకుళం వైపునుంచి చాప, చెంబు పట్టుకుని రైలెక్కి వచ్చిన మనిషి. తండ్రి పోయాక అప్పలకొండకు ఆ ఉద్యోగమే వచ్చింది. దాని మీద పెద్దగా పైకీ రాలేదు, కిందికీ పోలేదు.

పక్క బల్ల మీద గిరిబాబు తన పార్టు విప్పుకుని చూస్తున్నాడు. వ్యాగన్ రేకు మీద వేళ్లతో దరువేసి, మలుపు దగ్గరికొచ్చి ఆగాడు.

“అన్నా! నా కాగితంలో కూడా జల్దీ అనున్నాది!”

“అందరిదాన్లోనూ ఉన్నాదిరా.”

“మరైతే సిరిల్‌ని తప్పు పట్టడానికి నేదు,” అన్నాడు గిరిబాబు దిగులుగా.

మధ్యాహ్నం సభ జరిగింది. పెద్ద అధికారి అతణ్ణి రెండుసార్లు అప్పలరాజు అన్నాడు, మూడోసారి కరెక్టుగా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మాట్లాడమంటే అప్పలకొండ మైకు ముందు నిలబడి, “బాగా సూసుకున్నారు. నానూ బాగానే సేసినాను. ఠీక్ హై,” అని దిగిపోయాడు. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

*

గేటు బయట బ్యాండు నిలబడి ఉంది. ఎర్ర కోట్లు, ఇస్త్రీ లేని తెల్ల ప్యాంట్లు. ఎండ ఇత్తడి మీద పడి కళ్లు చెదురుతున్నాయి. అప్పలకొండకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎప్పుడూ వాటిలో బరువు ఉండేది. దండల కింద రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి.

తీతు యూఫోనియం ఎత్తుకుని దగ్గరికొచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“కొండా దాదా, ఒక మాట. వెనక్కి చూడకు. ఏక్‌బారో నా, ఒక్కసారి కూడా. నువ్వు చూస్తే నేను నీ కాలు చూస్తాను. కాలు చూస్తే కాగితం పోతుంది.”

“సూడను.”

“మా కాళీ మీద ఒట్టు?”

“ఒట్టు. కాలు కూడా తాటించను, సరేనా?”

అన్నాడు గానీ అది ఎంత కష్టమో నాలుగు అడుగులు వేశాక తెలిసింది. సిరిల్ కార్నెట్ ఎత్తాడు, డ్రమ్ము మోగింది, గేటు దగ్గరి బరువైన పాట మొదలైంది. ఎందరి మెడలు వెనకనుంచి చూశాడో! వెంట్రుకలు నెరిసిన మెడలు, చెమట పట్టిన మెడలు, దండలు గుచ్చుకుంటుంటే గోక్కునే మెడలు. ఇవాళ అందరూ చూసేది తన మెడ. అది ఎలా ఉంటుందో అతనికే తెలియదు. దువ్వుకోవాల్సింది అనుకున్నాడు.

పెద్ద రోడ్డు మీద నడక బాగానే సాగింది. తీతు స్వరం కొంచెం వణికి నిలబడింది. బస్సు ఒకటి పక్కకి ఆగి దారిచ్చింది. కిటికీల్లోంచి చేతులు ఊపారు. అప్పలకొండ నమస్కారాలు పెడుతున్నాడు గానీ చెవులు రెండూ వెనకే ఉన్నాయి. బజారు మలుపు దగ్గరపడుతోంది. మూల మీద జిలేబీల బాండీ కనిపించింది. పాటలో ఇక్కడే నిన్న రిహార్సల్లో అంతా చెదిరిపోయింది. కుడికాలు దానంతటది లేవబోయింది. బొటనవేలు బూటు లోపల గట్టిగా ముడుచుకుని ఆపుకున్నాడు.

మలుపు తిరిగాడు.

వెనక బ్యాండు అంతా ఒక్కసారే ఎగిరింది. కార్నెట్లు, క్లారినెట్లు, ట్రాంబోన్లు, డ్రమ్ము, అన్నిటి అడుగునా యూఫోనియం. ఒక్కరూ ముందు పోలేదు, ఒక్కరూ వెనకబడలేదు. అతను రాసిన వేగం కంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంది కూడా. ‘ఇది నా జల్దీ కాదే, ఇంకా ఉషారుగా ఉందే’ అనుకునేలోపే అతని అడుగులు దాన్ని పట్టుకున్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి అతని కాలు పాటని నడపడం మానేసి పాట వెంట నడిచింది. అది ఎంత తేలిగ్గా ఉందంటే, దండలూ శాలువా ఉన్న సంగతి మరిచిపోయి చేతులు రెండూ పైకెత్తాడు. జిలేబీల మనిషి గరిటె బాండీ అంచు మీద వాయించాడు. చేపల బుట్టలవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో ఈలేశారు. రిటైరైన పెద్దమనిషి బజారు నడిమధ్య చిందేయడం నిమ్‌పురా ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం చూసింది.

వెనకనుంచి సిరిల్ ఊపిరి దొరికిన చోట అరిచాడు: “కొండా! దేఖ్! సబ్ జాగ్ గయే! అందరూ మేలుకున్నారు!”

చూడలేదు. ఒట్టు ఉంది కదా.

గుడి ముందు పాట నెమ్మదించింది. అందరూ కలిసే నెమ్మదించారు. అప్పలకొండ నిలబడి దండం పెట్టుకుని, ఏమీ అడగకుండా కళ్లు తుడుచుకున్నాడు. క్వార్టర్ల సందులోకి తిరగ్గానే పిల్లలూ ఆడవాళ్లూ బ్యాండులో కలిసిపోయారు. గుమ్మంలో చిలకమ్మ హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. దిష్టి తీస్తూ అతని చెమట మొహం చూసి, “ఏటయ్యా, బజార్లో ఎగిరినావంట! కబురు నీకంటే ముందొచ్చీసింది,” అంది. పళ్లెం కూతురి చేతిలో పెట్టింది. ఎవరూ అడగకుండానే, కొంగు బిగించి, డ్రమ్ముకి ఎదురుగా రెండడుగులు అటూ రెండడుగులు ఇటూ వేసింది. సందంతా గోల పెట్టింది.

పాట ఆగాక అప్పుడు వెనక్కి తిరిగాడు. తీతు యూఫోనియం దించి, ఎర్రబడిన పెదవులతో అతని మొహంలోకే చూస్తోంది.

“కేమోన్?” అంది. ఎలా ఉంది?

అప్పలకొండ దగ్గరికి వెళ్లాడు. ఆమె పెదవి మీద, ముక్కు కింద, గుండ్రంగా పడిన ఎర్రటి నొక్కు చూశాడు. చేత్తో తన మీసం మధ్యలో చూపించాడు. తీతు తడుముకుని, అర్థమై, పకపకా నవ్వింది.

*

లడ్డూలు అయిపోయాయి. రెండోసారి టీలు కూడా అయిపోయాయి. కళ్యాణికి ఒక పొట్లం కట్టించి ప్రశాంతి చేతికిచ్చారు. చీకటి పడుతుంటే బ్యాండు వాళ్లు ఒక్కొక్కరే లేచారు. వాయిద్యాలు క్లబ్బు గదిలో పెట్టి తాళం వేయాలి. ఆ తాళం వేయడం ఎప్పుడూ అప్పలకొండ పని. అలవాటుగా లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

“నువ్వెక్కడికి?” అన్నాడు సిరిల్.

అప్పలకొండ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. సిరిల్ అతని భుజం నొక్కి వెళ్లిపోయాడు.

సందు చివర్లో బ్యాండువాళ్లలో ఎవరో ఆగలేక పాట ఎత్తుకున్నారు. ఒకరి వెనక ఒకరు కలిశారు. పెద్ద రోడ్డు నడక అది. అప్పలకొండ గోడకి ఆనుకుని విన్నాడు. పాట మలుపు తిరిగింది, పలచబడింది, ఎక్కడో లారీ హారన్ కింద ఒకసారి మునిగి మళ్లీ తేలింది. దానిలో ఏదో తక్కువగా అనిపించింది. కాసేపటికి తెలిసింది. డ్రమ్ము లేదు. అయినా ఎవరూ తొందరపడలేదు, ఎవరూ తగ్గలేదు. చిన్నదైపోతూ కూడా నడక నడకలాగే పోతోంది.

“డ్రమ్ము ఇనపడట్నేదేటి?” అంది చిలకమ్మ, ఖాళీ పళ్లాలు ఏరుతూ.

“నేకపోయినా ఎల్తన్నారు,” అన్నాడు అప్పలకొండ.

ఆమె పళ్లెం తీయబోయి అరుగు చివర ఆగిపోయింది. అక్కడ, లడ్డూ తిన్న ఆకు పక్కన, గిరిబాబు మరిచిపోయి వెళ్లిన డ్రమ్ము కర్ర ఉంది. దాని తెల్ల ఉన్ని బుర్రకి అంటుకున్న నాలుగు లడ్డూ పలుకుల దగ్గరికి అప్పుడే ఒక చీమ చేరింది.